ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరండీ

పోయినేడాది ఒక మధ్యాహ్నం బెల్ మోగితే తలుపు తీశాను. కొరియర్ అబ్బాయి, చేతిలో పెద్ద కవరు. దాని మీద మా బిల్డింగ్ పేరుంది, ఎన్నో అంతస్తో ఉంది, ఇంటి నంబరు మాత్రం లేదు. ఫోన్ చేస్తే ఎత్తట్లేదట. కవరు మీది పేరు చదివి, "వీళ్లది ఏ ఇల్లండీ?" అని అడిగాడు. నేను ఆలోచించను కూడా లేదు. "ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరండీ, నాలుగేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాం మేము" అని చెప్పి తలుపేసుకున్నాను.

మర్నాడు సాయంత్రం మళ్లీ బెల్. ఈసారి గొడుగాయన. మాకు రెండు తలుపుల అవతల ఒక్కరే ఉంటారు, పెద్దాయన. ఎండైనా వానైనా, ఆకాశంలో ఒక్క మబ్బు లేకపోయినా, చేతిలో నల్ల గొడుగు లేకుండా ఆయన గడప దాటగా మేము చూడలేదు. ఈ ఇంట్లో దిగిన మొదటి వారంలోనే మావారు ఆ పేరు పెట్టారు, అది అలా ఉండిపోయింది. మా బాబుకి మాటలొచ్చాక వాడి నోట్లో అది 'గొడుగు తాతయ్య' అయింది. ఆయన గుమ్మం అవతలే నిలబడి, "అమ్మా, నా పేరున ఏదైనా కవరు మీ ఇంటికి వచ్చిందా? వాళ్లేమో వచ్చి వెళ్లామంటున్నారు" అంటూ తన పేరు చెప్పారు.

నిన్న ఆ అబ్బాయి చదివిన పేరే అది.

నాకు నోట మాట రాలేదు. నేను ఆ అబ్బాయితో అబద్ధం చెప్పలేదు, నాకు తెలిసింది చెప్పానంతే. నాకు తెలిసినంతవరకు మా అంతస్తులో ఆ పేరున్న మనిషి లేరు. గొడుగాయన ఉన్నారు. నాలుగేళ్లుగా రోజూ చూస్తున్న మనిషిని, ఎదురుపడితే నవ్వే మనిషిని, ఇంట్లో వారానికి నాలుగుసార్లు తల్చుకునే మనిషిని, నా నోటితో నేనే 'లేరు' అని చెప్పి పంపించేశాను. అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. ఇరుగుపొరుగు వాళ్లకి మనం ఇంట్లో పెట్టుకునే పేర్లు ఉత్త సరదా అని నేను కూడా అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోవట్లేదు. పెట్టుకోవద్దని కాదు నేననేది. ఆ పేరు పెట్టాక మనం ఏం చెయ్యడం మానేస్తున్నామన్నదే నా గొడవ.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి, ఈ పేర్లు ఊరికే పుట్టవు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1972లో ఒక సంగతి రాశాడు. ఒకే రైల్వే ప్లాట్‌ఫారం మీద ఏళ్ల తరబడి ఒకరినొకరు చూసుకుంటూ, ముఖం గుర్తుపడుతూ, ఒక్క మాటైనా మాట్లాడుకోని మనుషులుంటారు కదా, వాళ్లని 'తెలిసిన అపరిచితులు' అన్నాడు. మనసులో వాళ్లకి ఒక చోటుంటుంది, కానీ పిలవడానికి పేరుండదు. పక్కింటి వాళ్ల విషయంలో ఇది ఇంకా ఇబ్బంది, ఎందుకంటే ప్లాట్‌ఫారం మీద మనిషి గురించి ఇంటికొచ్చి ఎవరితోనూ చెప్పక్కర్లేదు, పక్కింటాయన గురించి మాత్రం చెప్పాల్సి వస్తుంది. నీళ్లు ఆగిపోయాయని ఎవరన్నారు, లిఫ్ట్‌లో ఎవరు కనిపించారు, రాత్రి ఆ చప్పుడు ఎవరింట్లోంచి వచ్చింది, ఇవన్నీ చెప్పుకోవడానికి ఏదో ఒక పేరు కావాలి. అసలు పేరు తెలియదు. నోటికొచ్చింది పెట్టేస్తాం.

పైగా అసలు పేరు కంటే పెట్టిన పేరే బాగా గుర్తుంటుంది. బ్రిటన్‌లో 1987లో చేసిన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. కొంతమందికి ముఖాలు చూపించి, ఈయన ఇంటిపేరు 'బేకర్' అని చెప్పారు. అదే మాటని వృత్తిగా, అంటే ఈయన రొట్టెలు కాల్చే పని చేస్తాడని కూడా చెప్పి చూశారు. మాట ఒకటే. వృత్తిగా విన్నప్పుడు గుర్తున్నంతగా, పేరుగా విన్నప్పుడు గుర్తులేదు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. వృత్తి అనగానే పొయ్యి, పిండి, వేడి, ఆ వాసన, ఇన్ని తగులుకుని ఉంటాయి. పేరు ఒంటరిది, దానికి తగులుకున్నది ఏదీ ఉండదు. గొడుగాయన పేరు మొదటి వారంలో ఎవరైనా నాకు చెప్పి ఉన్నా రెండో వారానికి మర్చిపోయి ఉండేదాన్నేమో. గొడుగు మాత్రం మర్చిపోను.

కాబట్టి పేరు పెట్టడం తప్పని నేననలేను. అంతేకాదు, అందులో ఒక అపేక్ష కూడా ఉంటుంది. ప్రతి ఇంట్లోనూ బయటివాళ్లకి అర్థం కాని కొన్ని మాటలుంటాయి, ఆ ఇంటి మనుషుల్ని కలిపి ఉంచేవి అవే. మెట్లన్నీ నాలుగు అంగల్లో దిగే కుర్రాడు మా ఇంట్లో 'ధన్‌ధన్'. రాత్రి పదింటికి వరండాలో అటూ ఇటూ నడుస్తూ ఫోన్‌లో మాట్లాడే ఆమె 'నడక ఫోనమ్మాయి'. మా పైనుండే వాళ్లు 'అడుగులవాళ్లు'. కుక్కపిల్ల పేరు బ్రూనో అని అందరికీ తెలుసు, దాన్ని పట్టుకుని నడిచే దంపతుల పేర్లు ఎవరికీ తెలియదు, అందుకని వాళ్లు 'బ్రూనో వాళ్లు'. ఈ పేర్లు చెప్పుకుని నవ్వుకున్న సాయంత్రాలు నాకు చాలా ఉన్నాయి, వాటిని ఇప్పుడు కాదనుకోను.

కొంతమంది ఈ గొడవంతా ఎందుకని ఇంటి నంబరుతో సరిపెడతారు. మూడొందల రెండు వాళ్లు, నాలుగొందల ఒకటి వాళ్లు. అది మర్యాదగా ఉంటుందనుకుంటారు. నాకు మాత్రం అది పెట్టుడు పేరు కంటే అధ్వాన్నం అనిపిస్తుంది. గొడుగాయన అన్నప్పుడు కనీసం ఒకసారి ఆయన వైపు కళ్లెత్తి చూశామని అర్థం. నంబరు చెప్పడానికి ఆ మాత్రం చూడక్కర్లేదు, ఇల్లు ఖాళీగా ఉన్నా అదే నంబరు.

ఇంగ్లీషులో నిక్‌నేమ్ అనే మాట ఎలా పుట్టిందో చదివినప్పుడు నాకు ఈ విషయం ఇంకాస్త తేటపడింది. పాత ఇంగ్లీషులో 'ఈక్' అంటే 'అదనంగా' అని. 'యాన్ ఈక్‌నేమ్' అంటే ఒక అదనపు పేరు. పలకగా పలకగా ముందు మాటలోని 'న' వచ్చి రెండో మాటకి అతుక్కుని అది నిక్‌నేమ్ అయింది. అంటే ఆ మాటలోనే ఉంది, అది ఉన్న పేరుకి తోడుగా వచ్చే ఇంకో పేరు. స్నేహితుడికి, తమ్ముడికి మనం పెట్టే పేరు అలాంటిదే, కింద అసలు పేరు భద్రంగా ఉంటుంది, దాని మీద ఇది చేరుతుంది. పక్కింటాయనకి పెట్టింది అలా కాదు. కింద ఏమీ లేదు. అదనపు పేరు కాదది, ఉన్న ఒక్కటీ అదే. మన తెలుగు మాట ఈ విషయంలో నిజం చెప్తుంది: మారుపేరు. ఒకదానికి మారుగా పెట్టుకున్నది. మారుగా పెట్టుకున్నది చేతిలో ఉంటే అసలుది అడగాలని ఎవరికీ తోచదు. నాలుగేళ్లలో నాకు ఒక్కసారి కూడా తోచలేదు, ఎందుకంటే ఏ లోటూ కనిపించలేదు.

ఇంకో సంగతి, పెట్టిన పేరు పెట్టిన రోజుకే కట్టుబడి ఉంటుంది, మనిషి మాత్రం అక్కడ ఉండడు. రోమన్ చక్రవర్తి కాలిగులా అసలు పేరు గైయస్. పసివాడుగా తండ్రి సైనిక శిబిరంలో తిరుగుతున్నప్పుడు, వాడి కాళ్లకున్న బుల్లి బూట్లు చూసి సైనికులు ముద్దుగా పెట్టిన పేరు కాలిగులా. పెద్దయ్యాక ఆయనకి ఆ పేరు నచ్చేది కాదు. రెండు వేల ఏళ్లు కావస్తోంది, చక్రవర్తిగా చేసిందంతా ఒక పక్క, పిలవడానికి మాత్రం ఆ చిన్న బూట్లే మిగిలాయి. చక్రవర్తికే తప్పనప్పుడు రెండు తలుపుల అవతలి మనిషికి ఎలా తప్పుతుంది? ఏడుపు ఇల్లు అని పేరు పడ్డ ఇంట్లో ఆ పసిపాప ఇప్పుడు బడికి వెళ్తుండొచ్చు, ఆ ఇల్లు ఇంకా ఏడుపు ఇల్లే.

ఇదంతా నేను పేరు పెట్టే వైపు నుంచే రాస్తున్నాను. పెట్టించుకున్న వైపు కూడా నాకు తెలుసు, అది చెప్పడానికి కొంచెం కష్టంగానే ఉంటుంది.

ఇంతకు ముందున్న ఇంట్లో మా అమ్మ ఎనిమిది నెలలు మంచం మీద ఉంది. చిన్న చప్పుడైనా ఉలిక్కిపడేది, బెల్ మోగితే భయపడిపోయేది, ఆ తర్వాత గంటసేపు నిద్ర పట్టేది కాదు. అందుకని బెల్ స్విచ్ ఆపేశాం. ఎవరైనా తలుపు తడితే ఒక్కోసారి వినపడేది కాదు, ఒక్కోసారి వినపడినా అమ్మ చెయ్యి నా చేతిలో ఉండేది, లేవలేకపోయేదాన్ని. అమ్మ పోయిన కొన్నాళ్లకి ఆ బిల్డింగ్‌లోకి కొత్తగా వచ్చిన ఒకావిడ మెట్ల దగ్గర పలకరించి, ఏ ఇల్లు అని అడిగి, నేను చెప్పగానే "ఓ, తలుపు తియ్యని వాళ్లంటే మీరేనా!" అనేసింది. ఆమెకి ఏ దురుద్దేశమూ లేదు. ఎవరో ఆ గుర్తుతో చెప్పారు, ఆమె ఆ గుర్తునే నాకు తిరిగి చెప్పింది. ఆ తర్వాత నా ముఖం చూసి తనే కంగారు పడింది.

అబద్ధమా అంటే కాదు. మేము తలుపు తియ్యని మాట నిజమే. కానీ ఆ ఎనిమిది నెలలు మా ఇంట్లో జరిగినదానికీ ఆ పేరుకీ ఏం సంబంధం? ఇంటికి వచ్చాక మావారితో కూడా చెప్పలేదు చాలా రోజులు. ఏడిపించింది ఆ మాట కాదు. ఆ అంతస్తులో అందరూ మా గురించి ఒక నిర్ణయానికి వచ్చేశారని, వచ్చేశాక ఇంక ఎవరూ 'ఏమైంది వీళ్లకి?' అని అనుకోలేదని తెలియడం, అదీ నొప్పి.

మనుషులందరికీ ఉన్న ఒక పొరపాటుకి 1977లో లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పేరు పెట్టాడు. ఎదుటి మనిషి చేసిన పనికి ఆ మనిషి స్వభావమే కారణమనుకుంటాం, అప్పుడు వాళ్లున్న పరిస్థితి మన లెక్కలోకి రాదు. మనం తలుపు గట్టిగా వేస్తే గాలికి పడింది, చేతులు ఖాళీ లేవు, ఆఫీసు టెన్షన్‌లో ఉన్నాం. పక్కాయన వేస్తే ఆయన మనిషే అంత. ఈ పొరపాటు అందరం రోజుకి పదిసార్లు చేస్తాం, అయినా మర్నాటికి చాలావరకు చెరిగిపోతుంది. మారుపేరు దాన్ని చెరగనివ్వదు. ఒక్కసారి 'తలుపు బాదుడు' అని పేరు పడ్డాక ఆయన మెల్లిగా వేసిన వంద సార్లు మనకి వినపడవు, గట్టిగా వేసిన ఒక్కసారి మాత్రం 'చూశావా, మళ్లీ!' అంటాం. నా వాదన అంతా ఈ ఒక్క చోటే ఉంది. పేరు పెట్టేదాకా చూస్తాం, పెట్టాక చూడటం ఆపేస్తాం.

ఒంటి మీద పెట్టే పేర్ల గురించి ఎక్కువ రాయను, అక్కడ నాకు వాదించడానికి ఏమీ లేదు. నడకలో కుంటు, మాటలో నత్తి, ఒంటి బరువు, జుట్టు, చర్మం, జబ్బు, పిల్లలు లేకపోవడం, భర్త వెళ్లిపోవడం, వీటి మీద పేరు పెట్టడం మూసిన తలుపుల వెనకైనా సరే నాకు సమ్మతం కాదు. వాళ్లకి వినపడదు కదా అంటారు. వాళ్లకి వినపడదు సరే, మన పిల్లలకి వినపడుతుంది. మనిషిలో ముందు ఏం చూడాలో వాళ్లు మన దగ్గరే నేర్చుకుంటారు.

వినపడదన్నది కూడా అంత నిజం కాదు. ఈ రోజుల్లో మారుపేర్లు నోట్లో కంటే ఫోన్‌లో ఎక్కువుంటాయి. పైనుంచి నీళ్లు కారినప్పుడు తీసుకున్న నంబరు 'పైవాళ్లు లీకేజీ' అని సేవ్ అవుతుంది, గోడ పది నెలల కిందటే ఆరిపోయినా పేరు అలాగే ఉంటుంది. వాడేవాళ్ల ఫోన్‌బుక్‌ల నుంచి పేర్లు తీసుకుని, కొత్త నంబరు నుంచి కాల్ వస్తే ఎవరిదో చూపించే యాప్‌లున్నాయి, అంటే మనం రాసుకున్న పేరు ఎవరి తెర మీద వెలుగుతుందో మనకి తెలియదు. నా స్నేహితురాలు ఒకామె ఇంట్లోవాళ్ల గ్రూపులో పెట్టాల్సిన మెసేజ్ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టింది. అందులో ఎదురింటావిడ మారుపేరుంది. వెంటనే తీసేసింది కానీ అప్పటికే చూశారు. అది జరిగి రెండేళ్లైనా వాళ్లిద్దరూ లిఫ్ట్‌లో ఎదురుపడితే ఒకరు ఫోన్ తీసి చూసుకుంటారట.

అందరూ అందరి పేర్లూ తెలుసుకుని తీరాలనీ నేను అనట్లేదు. ఒంటరిగా ఉండే అమ్మాయి తన పేరు చెప్పకపోవడానికి మంచి కారణాలుంటాయి. ఏ ఇంటి నుంచి పారిపోయి వచ్చి ఉంటుందో, ఎవరు వెతుకుతున్నారో, మనకి తెలియదు. పేరు చెప్పకుండా ఉండే హక్కు మనిషికుంది, అలాంటి చోట 'పచ్చ సైకిలమ్మాయి' అనుకోవడమే మర్యాద. కానీ నిజం చెప్పండి, మనకి పేర్లు తెలియని ఇరుగుపొరుగు వాళ్లలో ఎంతమంది దాచుకున్నారు, ఎంతమందిని మనం అడగలేదు?

1950లో అచ్చైన ఒక పాత అధ్యయనం ఉంది, అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం పెళ్లైన విద్యార్థులకిచ్చిన ఇళ్ల మీద లియోన్ ఫెస్టింగర్, ఇంకా ఇద్దరు కలిసి చేసింది. ఒకే అంతస్తులో పక్క తలుపు వాళ్లలో 41 శాతం మంది దగ్గరి స్నేహితులని తేలింది. రెండు తలుపుల అవతలైతే 22 శాతం. వరండాకి ఆ చివరొకరు ఈ చివరొకరు అయితే 10. నాలుగు అడుగులు పెరిగేసరికి స్నేహం సగమైపోతుంది. రెండు తలుపులు. గొడుగాయన ఇల్లు మాకు సరిగ్గా అంతే దూరం.

ఆ సాయంత్రం ఆయనతో నిజమే చెప్పాను. కవరు వచ్చిందని, మీ పేరు తెలియక నేనే తిప్పి పంపానని. ఆయన పాత ఉద్యోగం తాలూకు అసలు కాగితాలవి, మూడు వారాలుగా ఎదురు చూస్తున్నారట. అదృష్టం బాగుండి ఇంకా ఊరు దాటలేదు, మర్నాడు కొరియర్ ఆఫీసుకి ఇద్దరం కలిసి వెళ్లి తెచ్చుకున్నాం. దారిలో ఆయన ప్రతి పది అడుగులకీ గొడుగు నేలకి ఆనించి, ఒక్క క్షణం బరువు దాని మీద వేసి, మళ్లీ నడుస్తున్నారు. నాలుగేళ్లు చూశాను కదా ఆ గొడుగుని. అది ఎందుకుందో అప్పుడు చూశాను. నేను చూస్తున్నానని గమనించి ఆయనే అన్నారు, "మోకాళ్లమ్మా. కర్ర వాడమన్నాడు డాక్టరు. కర్ర పట్టుకుంటే అందరూ ముసలాయన అనేస్తారని గొడుగు పట్టుకున్నా."

నేను ఇంక దాచలేకపోయాను. ఇంట్లో మేము మిమ్మల్ని ఏమని పిలుచుకుంటామో చెప్పేశాను, బాబు ఏమంటాడో కూడా. చెప్తున్నంతసేపూ చెమటలు పట్టాయి. ఆయన ఆగిపోయి, కాసేపు ఆ మాటని మనసులో తిప్పుకున్నట్టున్నారు. కోపం రాలేదు. "కర్ర తాతయ్య కాలేదు కదా, చాలు" అన్నారు. ఆ తర్వాత ఇంకో నాలుగు అడుగులు వేసి, "మరి మీకు నేనేం పేరు పెట్టానో అడగరా?" అన్నారు.

అడిగాను. తాళాలమ్మాయి.

రోజూ సాయంత్రం ఏడింటికి ఆఫీసు నుంచి వచ్చి, గుమ్మం ముందు బ్యాగంతా వెతుక్కుంటూ నిలబడతానట. మా తలుపు దగ్గర చీకటిగా ఉండేది, తాళంచెవి దొరికినా తాళం కన్నం కనపడదని, కొన్నాళ్లు చూసి, అప్పటి నుంచి రోజూ ఏడుకి పది నిమిషాల ముందు వచ్చి వరండా లైటు వేసి వెళ్లేవారట. ఆ లైటు దానంతటదే వెలుగుతుందనుకున్నాను నేను. మూడేళ్ల నుంచి.

"మీ పేరు నాకూ తెలీదమ్మా" అన్నారాయన. చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకున్నారు, రెండోసారి సరిగ్గా వచ్చింది.